నవల చదివి అవ్వ దగ్గరికి పోదాం

 

ఈ పొద్దు మేము ఎత్తుకున్న విషయం చూసేదానికి చిన్నది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే మన పిల్లలు తెలుగు సబ్జెక్టులో ఒక నవల చదివి ప్రాజెక్టు చేయడం. ఉద్యోగాల మీదనో రిజర్వేషన్ల మీదనో మాట్లాడతారని వచ్చినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. మన సుగాలి, ఎరుకల, యానాది ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లు మీరే. ఈ పని చేయగలిగేది కూడా మీరే. అందుకని మీ ముందే పెడుతున్నాం.

బడిలో ప్రాజెక్టు అంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు 50 మార్కుల్లో 10 పుస్తకాలు చదివి స్పందన చెప్పినందుకు, 10 రాతపనికి, 10 ప్రాజెక్టుకు, 20 లఘు పరీక్షకు అని పంచినారు. ఆలోచన చానా మంచిది. 2020 నవంబరులో ప్రభుత్వం 'చదవడం మాకిష్టం' అని ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. అయితే పిల్లోళ్ల చేతిలో ప్రాజెక్టు ఎట్లా తయారవుతోంది? జిరాక్సు అంగడికి పోతారు. రచయిత ఫొటో, పుట్టిన ఊరు, బిరుదులు ప్రింటు తీయించుకుంటారు. చార్టుకు అంటించి చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలు గీస్తారు. పది మార్కులు వస్తాయి. పుస్తకం మాత్రం తెరవరు. అసలు పుస్తకం చేతికి ఇచ్చిందెవరు, తెరిచేదానికి? వానల్లేక, శెనక్కాయ పంట పోయి, అమ్మానాయన బెంగళూరుకు పనికి పోతే, అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్ల చార్టు కొనేదానికే రూపాయలు ఎంచుకుంటుంది. ఆ పిల్లను తప్పు పట్టేదేమీ లేదు.

మరి కథ చాలదా, నవలే ఎందుకు అని అడగొచ్చు. కథ ఒక పీరియడులో అయిపోతుంది. నవల నెలా రెండు నెలలు ఇంట్లో ఉంటుంది. పిల్ల బువ్వ తింటూ అందులోని మనిషి గురించి ఆలోచిస్తుంది, 'వాడు రేపు ఏం చేస్తాడో' అని తమ్మునితో పందెం కాస్తుంది. ఆ నెల రోజుల్లో పుస్తకంలోని మనుషులకూ ఇంట్లోని మనుషులకూ ఎక్కడో ఒకచోట ముడి పడుతుంది. ప్రాజెక్టు పుట్టాల్సింది ఆ ముడి దగ్గరే.

దీనికి మేము ముందుగా చెప్పే పుస్తకం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ అనే నల్లజాతి అమెరికన్ రచయిత ఇంగ్లీషులో 'రూట్స్' అని 1976లో తెచ్చినాడు. సహవాసి దాన్ని తెలుగులో కుదించి రాస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరె అనే పల్లె. అక్కడ కుంటా కింటే అనే పడుచువాడు డోలు చేసుకునేదానికి చెక్క కోసం అడవికి పోతాడు. బానిసల వేటగాళ్లు పట్టుకుపోతారు. ఓడలో గొలుసులేసి అమెరికాకు తెచ్చి అమ్ముతారు. అది 1767. టోబీ అని పేరు మారుస్తారు. పారిపోబోతే పాదం నరుకుతారు. ఇవన్నీ చదివేదానికి కష్టంగా ఉంటాయి. కాబట్టి ఎనిమిదో తరగతికి ముందు వద్దు, అప్పుడైనా పక్కన పెద్దవాళ్లు ఎవరో ఒకరు కూర్చోవాల.

మనకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఒక చిన్న సంగతి. కుంటాకు కిజ్జీ అని కూతురు పుడుతుంది. యజమానికి తెలియకుండా ఆయన ఆ పిల్లకు తన భాష మాటలు నేర్పిస్తాడు. తీగల వాయిద్యాన్ని చూపించి 'కో' అంటాడు. పక్కనున్న ఏటిని చూపించి 'కాంబీ బొలొంగో' అంటాడు. కిజ్జీ తన కొడుక్కు చెప్తుంది. వాడు వాని పిల్లలకు. అట్లా ఆ నాలుగైదు మాటలు తరాలు దాటి, టెనెస్సీలో ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మల నోట చిన్న పిల్లవాడైన హేలీ చెవిన పడినాయి. పెద్దయినాక ఆయన ఆ మాటలు పట్టుకొని భాషాపండితుల దగ్గరికి పోతే, ఇది మాండింకా భాష, ఆ ఏరు గాంబియా నది అని తేలింది. 1967లో జుఫూరెకు పోయి వంశావళి చెప్పే పెద్దమనిషిని కలిసినాడు. రాత లేదు, పట్టా లేదు, రిజిస్టరు లేదు. మిగిలినవి మాటలే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. గోర్ బోలిలో తల్లిని యాడి అంటాం, నీళ్లను పాణి అంటాం, రొట్టెను బాటి అంటాం. ఇవి పిల్లలకు వచ్చు. ఎద్దుల మీద ఉప్పూ గింజలూ వేసుకొని దేశాలు తిరిగిన కాలం మాటలు ఎంతమందికి వచ్చు? రైళ్లు వచ్చి ఆ బతుకు పోయింది, దాంతోపాటు ఆ మాటలూ జారిపోతున్నాయి. వంశావళి పాడే భాట్లు మనకూ ఉన్నారు. వాళ్లు వచ్చినప్పుడు పక్కన కూర్చొని విన్న పిల్లోడు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగం లెండి. ఎరుకల ఇళ్లల్లో అయితే పిల్లలు నలుగురిలో తమ భాష మాట్లాడేదానికే వెనకాడతారు.

కాబట్టి 'ఏడు తరాలు' చదివిన పిల్లకు ప్రాజెక్టు ఇట్లా ఇయ్యండి. అవ్వ దగ్గరికి పోయి, నీకు తెలియని మాటలు ఇరవై రాసుకొని రా. ఏ మాట ఎప్పుడు వాడేవాళ్లో, ఇప్పుడు ఎందుకు వాడటం లేదో అవ్వనే అడుగు. తెలుగు లిపిలోనే రాయి, ఏమీ ఇబ్బంది లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ల కిందటే ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తెచ్చినారు, అందులో బంజారా ఒకటి. రెండోది, కుంటా ప్రయాణం పటం మీద గీసినాక, దాని పక్కనే అవ్వ ప్రయాణం గీయి. ఏ తాండాలో పుట్టింది, ఏ తాండాకు కోడలైంది, కరువుకు ఏ ఊరికి పనికి పోయింది. మూడోది పేరు. కుంటా టోబీ అయినట్లు, బడి రిజిస్టరులో, రేషను కార్డులో, ఆధారులో మన ఇంట్లోవాళ్ల పేర్లు ఎన్ని వంకర్లు తిరిగినాయో పక్కపక్కన రాయి. ఈ మూడోదాంట్లో నవ్వులు కూడా దొరుకుతాయి.

ఎరుకల పిల్లలు ఇంకొకటి అడగొచ్చు. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం పెట్టినారు. తరవాత దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి ఎరుకల వాళ్ల మీదా మోపినారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర. 1952లో రద్దయింది. తాత వాళ్ల నాయన ఠాణాలో హాజరు వేయించుకున్న ముచ్చట ఇంట్లో ఏమన్నా చెప్పుకుంటారా అని అడగాల. చెప్పనంటే బలవంతం వద్దు. చెప్పనన్నారు అని రాసినా ప్రాజెక్టే.

ఇంకొక సంగతి దాచకూడదు. హేలీ చెప్పిన వంశచరిత్ర అంతా నిజమా అని చరిత్రకారులు గట్టిగానే ప్రశ్నించినారు. కొన్ని భాగాలు హెరాల్డ్ కూర్లాండర్ నవలలో నుంచి వచ్చినాయని కోర్టులో కేసు పడి, 1978లో రాజీ అయింది. ఇది తెలిస్తే పిల్లల మనసు విరుగుతుందని కొందరు అంటారు. మాకైతే అట్లా అనిపించదు. అవ్వ చెప్పిన ముచ్చటను ఇంకొక తాండాలోని ఇంకొక అవ్వ దగ్గర సరిచూసుకోవాలని నేర్పించేదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

ఆరో తరగతి పిల్లలకు 'రైలుబడి' చాలు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. క్యారేజీలో సముద్రం నుంచి కొంచెం, కొండల నుంచి కొంచెం తెచ్చుకోండి అంటాడు ఆ హెడ్మాస్టరు. మనకు సముద్రం లేదు, ఏడాదిలో చానా రోజులు పెన్నలో నీళ్లే ఉండవు. అయితే ఉరవకొండ పిల్ల క్యారేజీలో ఏమేమి ఉంటాయి, అవి ఏ చేను నుంచి, ఏ అంగడి నుంచి వచ్చినాయి? ఒక వారం రాస్తే అదే ప్రాజెక్టు.

కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' గురించి కూడా ఒక మాట. చిన్న నవల. ఈనేదానికి సిద్ధంగా ఉన్న పంది కోసం ఒక ముసలాయన రాత్రిపూట ఒంటరిగా అడవిలోకి పోతాడు. పందులు మేపే ఇంటి పిల్లలను తరగతిలో ఎగతాళి చేయడం మనం ఎరుగుదుం. అదే తరగతిలో ఈ పుస్తకం చదివితే, పంది ఎప్పుడు ఈనుతుంది, పిల్లలను ఎట్లా కాచుకుంటుంది అని టీచరమ్మ కూడా ఆ పిల్లవాణ్నే అడగాల్సి వస్తుంది. పెద్ద క్లాసు పిల్లలైతే మన అనంతపురం రచయిత బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' చదవొచ్చు. 2019 సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. మిడిల్ స్కూలుకు మాత్రం అది బరువు.

పుస్తకాలు ఒక్కొక్క ప్రతి దొరికినా చాలు. సాయంత్రం తాండా కట్ట మీద ఒకరు గట్టిగా చదవాల, మిగతావాళ్లు వినాల. దినానికి ఒక అధ్యాయం కన్నా ఎక్కువ వద్దు. వలసపోయిన ఇంటి పిల్లలకు సెల్లులో రికార్డు చేసి పంపండి, బెంగళూరు షెడ్డులో పడుకొని వింటారు. ఇరవై మాటల నోటుబుక్కు బడికి ఇచ్చేముందు ఫొటో తీసి పెట్టుకోండి. మార్కులు వేసినాక ప్రాజెక్టులు యాడికి పోతాయో మీకు తెలుసు కదా.

ఎవరెవరు ఏ తాండాలో, ఏ కాలనీలో చదివిస్తారో, టీ తాగేలోపల ఈ కాగితం మీద పేర్లు రాయండి. ముందు ఇద్దరు దొరికినా రేపు ఆదివారమే మొదలుపెడదాం.