నీళ్లు కాచే రాడ్డు, దాచుకోవలసిన బిల్లు

(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము వచ్చినప్పుడల్లా లెక్కల పుస్తకాలు, వెన్న శాతం, బోనసు గురించే మాట్లాడతాము. ఈరోజు నీళ్లు కాచే కరెంటు రాడ్డును గురించి చెప్పదలచుకొన్నాము. కారణం ఉన్నది.

పోయిన చలికాలం మా పరిధిలోని ఒక గ్రామంలో ఒక సభ్యురాలు తెల్లవారుజామున పాల క్యాన్లు కడగడానికి ఇనుప బకెట్టులో రాడ్డు పెట్టింది. నీళ్లు కాగినవో లేదో చూద్దామని స్విచ్చి తీయకుండానే వేలు ముంచింది. షాకు కొట్టి పడిపోయింది. భర్త పరుగున వచ్చి మెయిన్ ఆపబట్టి ప్రాణం దక్కింది.

రాడ్డు పైగొట్టం లోపల కాలే తీగ ఉంటుంది. తీగకూ గొట్టానికీ నడుమ కరెంటు రాకుండా ఒక పొడి దట్టించి ఉంటుంది. నాసిరకం గొట్టం పగిలితే నీరు లోపలికి పోతుంది. అప్పుడు నీళ్లకూ, బకెట్టుకూ కరెంటు వస్తుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు.

ఆ రాడ్డు మీద ఏ గుర్తూ లేదు. అమ్మిన దుకాణదారును అడిగితే, అటువంటివి డజను అమ్మానన్నాడు. ఎవరెవరికని అడిగితే చెప్పలేకపోయాడు. బిల్లు పుస్తకమే లేదు. అంటే ఇంకా పదకొండు ఇళ్లలో అదే ప్రమాదం పొంచి ఉన్నది. ఆ సాయంత్రం పాలు పోసే వేళ కార్యదర్శిగారు అందరికీ చెప్పారు. మూడు రోజులలో తొమ్మిది రాడ్లు సంఘం ఆఫీసుకు వచ్చినవి. రెండింటి జాడ నేటికీ తెలియలేదు.

ఊరూరా వోచర్లు అడిగే మేము ఇంటికి వెళ్లి మా రాడ్డు బిల్లు వెతుకుకొన్నాము. లేదు. సిగ్గుపడ్డాము.

పుల్లని పాలు వస్తే ఆ క్యాను ఎవరిదో మన రిజిస్టరు చెబుతుంది. కనుకనే వెనక్కు పంపగలుగుతున్నాము. సరుకుకూ అదే న్యాయం. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని రాడ్డు అమ్మరాదని 2003 నాటి ఉత్తర్వులోనే ఉన్నది. ప్రమాదకరమైన సరుకును వెనక్కు తీసుకొని డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థకు ఉన్నది. 2022లో ఆ సంస్థ, ప్రమాణాలకు సరిపడని 2,265 ప్రెషర్ కుక్కర్లను వెనక్కు తీసుకొమ్మని ఒక పెద్ద ఆన్‌లైన్ వ్యాపార సంస్థను ఆదేశించింది. కొన్నవారి వివరాలు లెక్కలో ఉంటేనే అటువంటి ఆదేశం ఇంటింటికీ చేరుతుంది.

కనుక మా విన్నపాలు ఇవి. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని కింద సి.ఎం./ఎల్. నంబరు చూచి కొనండి. ఆ నంబరు నిజమో కాదో ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్ చెబుతుంది. పిల్లలచేత చూపించుకోండి. బిల్లు అడిగి, పాల పాసుపుస్తకంలోనే దాచండి. రాడ్డు నీటిలో దించిన తరువాతనే స్విచ్చి వేయండి. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీళ్లు ముట్టండి. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు ఉండాలి. ఇనుప బకెట్టు వద్దు. కొట్టంలో పశువులకు అందేచోట అసలే వద్దు. ఇంటికి లీకేజి కరెంటును కనిపెట్టి ఆపే బ్రేకరు పెట్టించుకొంటే మరీ మంచిది. సరుకు లోపముంటే 1915కు ఫోను చేయండి. సంఘంలోనూ చెప్పండి. మీ ఒక్కరి ఫిర్యాదు పది ఇళ్లను కాపాడవచ్చు.

ఆ రెండు రాడ్లు ఏ ఇంటి చూరులో వేలాడుతున్నవో తెలియదు. రేపు ఉదయం పాలు పిండకముందే మీ ఇంటి రాడ్డును ఒక్కసారి తిప్పి చూడవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.