గట్టుమీది వేప – హరిత రసాయనశాస్త్రము



పైరుపై చల్లిన పురుగుమందు పురుగుతోనే ఆగిపోదు. చల్లువాని చేతులకు, ఊపిరికి, చేలోని మిత్రపురుగులకు, చెరువు నీటికి కూడ చేరును. దానిని తయారుచేయు చోట సైతము అపాయము కలదు. 1984 డిసెంబరులో భోపాలునందు వేలాది ప్రజల ప్రాణములు తీసిన విషవాయువు, కార్బరిల్ అను పురుగుమందు తయారీలో వాడు పదార్థమే.

చెడు పుట్టిన పిమ్మట దానిని శుభ్రపరచుటకంటె, అసలు పుట్టకుండ చూచుకొనుట మేలు. హరిత రసాయనశాస్త్రపు మొదటి సూత్రమిదియే. అమెరికా శాస్త్రజ్ఞులు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అనువారు 1998లో ఇట్టి 12 సూత్రములను ప్రకటించిరి. ఇది కర్మాగారములవారి గొడవ, మనకేల అనుకొనవలదు. మీ గట్టుమీది వేపచెట్టే దీనికి చక్కని ఉదాహరణము.

1959లో సూడాను దేశమున మిడతల దండు పచ్చదనమంతయు మేసి, వేపచెట్లను మాత్రము విడిచిపెట్టుటను జర్మను శాస్త్రజ్ఞుడు ష్ముట్టరర్ గమనించెను. వేపగింజలోని అజాడిరాక్టిన్ అను పదార్థమును 1968లో ఇంగ్లండునందు వేరుచేసిరి. ఇది పురుగును తక్షణమే చంపదు. దానిని తిండి తిననీయదు, సరిగా కుబుసము విడువనీయదు. ఇది చెట్టునుండి ఏటేట లభించును. నీటితోనే తీయవచ్చును. పని ముగిసిన పిమ్మట ఎండకు కొద్ది దినములలో విరిగిపోవును. ఈ మూడును హరిత సూత్రములకు సరిపోవు గుణములే.

కషాయము చేయు విధానము: 5 కిలోల వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీటిలో ఒక రాత్రి నానబెట్టవలెను. ఉదయము మూటను బాగుగ పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తము 100 లీటర్లకు నీరు చేర్చవలెను. ఎకరమునకు 200 లీటర్లు కావలెను. ఎండ తగ్గిన తరువాత సాయంకాలము చల్లవలెను. ఏ పూటకు కావలసినది ఆ పూటకే చేసికొనవలెను.

దీని హద్దులను కూడ తెలిసికొనుడు. పురుగు ముదిరిన పిమ్మట చల్లిన ఫలము తక్కువ. గుడ్లు, పిల్లపురుగులు కనబడినపుడే చల్లవలెను. అందులకు వారమునకు రెండుసార్లయినను చేలో తిరిగి ఆకుల అడుగుభాగము చూడవలెను. ఎండకు విరుగు గుణము కలది గనుక వారము పది దినములకు మరల చల్లవలసి రావచ్చును. చెట్టునుండి వచ్చినదంతయు నిరపాయమని భ్రమపడకుడు. పొగాకులోని నికోటిన్ కూడ చెట్టునుండి వచ్చినదే, అయినను ఘోరవిషము. వేప కషాయము చేపలకు హాని చేయవచ్చును. కనుక చెరువులో స్ప్రేయరు కడుగరాదు.

నేటి పంటను కాపాడుకొనుచు, రేపటివారి నేలను, నీటిని చెడగొట్టకుండుటయే సుస్థిరాభివృద్ధి. జూన్, జూలై నెలలలో రాలు వేపపండ్లను ఏరించి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి, గాలి తగులు గోనెసంచులలో నిలువచేసికొనుడు. బూజు పట్టిన గింజలు పనికిరావు. ఎనిమిది నెలలు దాటిన గింజలలో పస తగ్గును. పురుగు కనబడిన నాటికి గింజ మీ ఇంట సిద్ధముగ నుండవలెను.