ఇంటి నీటిపనికి నమ్మదగిన పనివాడు

(మన సంఘపు బెంగళూరు సభ్యకుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన సమావేశములలో భాషను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు తఱచుగా మాటలాడుకొనుచుందుము. నేడు మేము ప్రస్తావింపబోవు విషయము చూపునకు చిన్నది. ఇంటిలోని నల్లి చెడినపుడు, గోడలోని గొట్టము పగిలినపుడు ఎవరిని పిలువవలెను? వచ్చినవానిని దేనినిబట్టి నమ్మవలెను? మన యింటి పెద్దల ఆరోగ్యమును, మన కష్టార్జితమును ఈ ప్రశ్నతో ముడిపడియున్నవి.

మన పూర్వులు ఈ నగరమున స్థిరపడిన కాలమున చెరువులు, బావులే ఆధారములు. 1896లో హెసరఘట్టనుండియు, 1933లో తిప్పగొండనహళ్లినుండియు నీరు వచ్చెను. 1974లో కావేరి మొదటి దశ పూర్తియయ్యెను. నేడు కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరమునుండి, యంత్రములచే దాదాపు 500 మీటర్ల ఎత్తునకు ఎక్కింపబడి మన సంపులలో పడుచున్నది. ఇట్టి నీరు కారిపోవుటను చూచి ఊరకుండుట తగదు. సుమారు 20 బొట్లు ఒక మిల్లీలీటరు. క్షణమునకొక బొట్టు చొప్పున కారు నల్లినుండి దినమునకు 4 లీటర్లకు పైగా, సంవత్సరమునకు 1,500 లీటర్లకు పైగా వ్యర్థమగును. 2024 వేసవిలో ట్యాంకరు కొఱకు వీధిలో కాచియుండిన కుటుంబములకు ఈ లెక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక లైసెన్సు మాట. 1964 నాటి చట్టముచే ఏర్పడిన బెంగళూరు జలమండలి కొందఱు ప్లంబింగు కాంట్రాక్టరులకు లైసెన్సు నిచ్చుచున్నది. వీధిలోని ప్రధాన గొట్టమునుండి ఇంటికి క్రొత్త కలుపు తెచ్చుటకును, మురుగుకాలువతో ఇంటిని కలుపుటకును అట్టివారినే పిలువవలెను. ఇంటిలోపల నల్లి మార్చుట, వాషరు వేయుట వంటి చిన్నపనులకు లైసెన్సు లేనివారును వచ్చుచుందురు. వారిలో నేర్పరులు లేకపోలేదు. పారిశ్రామిక శిక్షణాలయములలో ప్లంబరు విద్యను ఒక సంవత్సరము అభ్యసించి పట్టా పొందినవారును కలరు. కావున లైసెన్సు చేతిపనికి హామీ కాదు. అది జవాబుదారీకి గుర్తు. పని చెడినపుడు ఫిర్యాదు చేయుటకు ఒక పేరు, ఒక సంఖ్య, వానిపై అధికారముగల ఒక కార్యాలయము ఉండుటయే దాని ప్రయోజనము.

అయితే ఆ కాగితమును మనము చదువవలెను గదా! లైసెన్సుమీద నుండు పేరు వేఱు, పని చేయవచ్చు మనుష్యుడు వేఱు కావచ్చును. గడువు తీరిన లైసెన్సును చూపువారును కలరు. పేరును, సంఖ్యను, గడువును వ్రాసికొని జలమండలి కార్యాలయములో విచారించుట మేలు. 1916 అను సంఖ్యకు ఫోను చేసియు అడుగవచ్చును. కన్నడము చదువనేరని వృద్ధులు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. కన్నడ బడులలో చదివిన మన పిల్లలు ఆ కాగితమును, రసీదును వారికి చదివి వినిపించుట పుణ్యకార్యమే.

ఇచ్చట మనవారి అలవాటునొకదానిని ప్రస్తావింపక తప్పదు. వచ్చినవాడు తెలుగు మాటలాడినచో “మనవాడే గదా” యని ధర అడుగము, రసీదు అడుగము. కన్నడమో తమిళమో మాటలాడినచో అనుమానింతుము. ఈ రెండును తప్పే. భాష చుట్టఱికమును కలుపును; గొట్టపు అతుకును కలుపదు. నిజముగా మనవాడైనచో లెక్క చూపుటకు సంకోచింపడు.

పని మొదలుకాకమునుపే సామానుల ఖర్చును, కూలిని వేఱువేఱుగా వ్రాయించుకొనవలెను. గొట్టములపై ఐ.ఎస్.ఐ. ముద్ర చూడవలెను. చన్నీటికి వాడు యు.పి.వి.సి. గొట్టములకు ఐ.ఎస్. 4985 అనియు, వేడినీటికిని పనికివచ్చు సి.పి.వి.సి. గొట్టములకు ఐ.ఎస్. 15778 అనియు ప్రమాణములు కలవు. గీజరునుండి వచ్చు దారిలో మొదటి రకమును వేసినచో వేడికి అది మెత్తబడి అతుకు వదలును. ఒకదాని జిగురు రెండవదానికి పనికిరాదు.

నీరు ఎచ్చట కారుచున్నదో తేల్చుకొనక గోడయంతయు పగులగొట్టువాడు కొండను త్రవ్వి ఎలుకను పట్టువాడు. మంచి పనివాడు మొదట వెదకును. రాత్రి నల్లులన్నియు మూసి, సంపులోనికి నీరు రానీయక, మోటారు నడుపక, సంపులోను పైతొట్టిలోను నీటిమట్టమునకు గుర్తు పెట్టించును. తెల్లవారి పైతొట్టి తగ్గినచో లోపము ఆ తొట్టిలోనో ఇంటి గొట్టములలోనో నల్లులలోనో. సంపు తగ్గినచో సంపు గోడలలోనో అడుగుననో ఉన్నదని తెలియును. ఈ పరీక్షకు కానీ ఖర్చులేదు.

క్రొత్త గొట్టము వేసినపిదప, దానిపై సిమెంటు పూయకమునుపే, నీరు నింపి చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, ఒత్తిడిమానపు ముల్లు దిగకుండుటను మన కన్నులయెదుట చూపుమని అడుగవలెను. ఆ పరీక్ష ముగియువఱకు కూలిలో కొంతభాగము నిలిపియుంచుట న్యాయమే. ముగిసినపిదప ఒక్క దినమైనను ఆలస్యము చేయుట అన్యాయము.

రెండు విషయములలో మాత్రము చవకబేరమునకు పోరాదు. మొదటిది మురుగునీరు. నగరమున నీరు వేళప్రకారము వచ్చును. రాని వేళ గొట్టములో ఒత్తిడి యుండదు. అప్పుడు పగులు గొట్టము చుట్టునున్న మురికిని లోనికి పీల్చుకొనును. ప్రధాన గొట్టమునకు నేరుగా మోటారు తగిలించి లాగుట నిషిద్ధము, ఈ పీల్పును ఇంకను పెంచునది. కామెర్లు, టైఫాయిడు జ్వరము, అతిసారము ఇట్టి దారినే ఇంటిలోనికి వచ్చును. బోరునీటి గొట్టమును, కావేరి గొట్టమును సులువుగా నుండునని ఒకటిగా కలుపుటయు ఇట్టి ప్రమాదమే.

రెండవది గీజరు. దానికొక భద్రతా వాల్వు ఉండును. లోపల ఒత్తిడి మితిమీరినపుడు అది తెఱచుకొని నీటిని విడుచును. మేమెఱిగిన ఒక యింట ఆ వాల్వు కారుచున్నదని పిలువగా, వచ్చిన పనివాడు దానికి బిరడా బిగించి కూలి తీసికొనిపోయెను. బొట్టు ఆగినది, ఇల్లాలు సంతోషించినది. మఱునాడు బంధువొకడు చూచి విద్యుత్తు ఆపించి, క్రొత్త వాల్వు వేయించెను. అతడు రానిచో గీజరు ప్రేలి ప్రాణములు పోవుటకు అవకాశముండెను. “ఎందుకు కారుచున్నది?” అని అడుగక మూయువానిని రెండవమాఱు పిలువరాదు.

కడపట ఒక మాట. మంచి పనివానికి బేరములేని కూలి, త్రాగుటకు నీరు, “అయ్యా” యను పిలుపు ఇవ్వవలెను. మురుగుగుంతలోనికి మనుష్యుని దింపుమని ఎన్నడును కోరరాదు. రక్షణ సాధనములు లేక అట్లు దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది, ఆ గుంతలలోని విషవాయువులు ఎందఱినో పొట్టనబెట్టుకొన్నవి.

మన సంఘ కార్యాలయములో ఒక పుస్తకము నుంచవలెనని మా మనవి. ఎవరి యింట ఏ పని జరిగినది, ఎవరు చేసిరి, ఎంత ఖర్చైనది, ఆఱుమాసములపిదప ఎట్లున్నది అని ప్రతి సభ్యుడును, పనివాని అనుమతితో, నాలుగు పంక్తులు వ్రాయవలెను. తెలుగువాడా, కన్నడిగుడా యను ప్రశ్న ఆ పుస్తకములో ఉండరాదు. ఒంటరిగా నుండు వృద్ధదంపతులు అర్ధరాత్రి గొట్టము పగిలినపుడు ఆ పుస్తకములోని పేరును నమ్మి పిలువగలిగినచో, మన సంఘము వారి యింటికి వెలుగు చూపినట్లే.