పసివారి మనసు కుదుటపడు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమున అడుగిడినవారు గోడమీది ‘నిశ్శబ్దము’ అను పలకను చూచి మాట తగ్గింతురు. ఇంటిలో పసివానికి అట్టి పలక పనిచేయదు. గద్దించినచో నోరు మూయును. కాని నోరు మూయుట వేరు, మనసు కుదుటపడుట వేరు. ఈ భేదమును గుర్తించుటయే బిడ్డల పెంపకమున ముఖ్యమైన సంగతి.

నాలుగేండ్ల బిడ్డ సంతలో బొమ్మకై మారాము చేసి నేలమీద పొర్లుచున్నాడనుకొనుడు. చూచువారు దానిని మొండితన మందురు. కాని ఆ నిమిషమున మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు ఒక రసమును రక్తములోనికి వదలుచుండును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును. పోరుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగుట యిది. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన గ్రంథమున దీనిని వివరించెను. ఈ ఉద్రేకమునకు కళ్లెము వేయవలసినది నుదుటి వెనుక నున్న మెదడు భాగము. అది పూర్తిగా పరిపక్వమగుటకు 25 ఏండ్ల ప్రాయము వరకు పట్టును. కళ్లెమే తయారుకాని గుర్రమును ‘ఆగవేమి?’ యని కొట్టుట ఏమి న్యాయము?

కావున బిడ్డ తన నెమ్మదిని మొదట పెద్దవారి నుండి అరువు తెచ్చుకొనును. 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక పరిశీలనను ప్రకటించిరి. తల్లి శిశువుతో కొంతసేపు ఆడి, పిమ్మట కొన్ని నిమిషములు ముఖమున ఏ భావమును చూపక ఊరకుండును. శిశువు ఆమెను తనవైపు త్రిప్పుకొన జూచును; అది ఫలింపకున్న కలతపడి ముఖము త్రిప్పుకొనును. దెబ్బ లేదు, తిట్టు లేదు; తల్లి ముఖము మారినంతనే అంత కలత!

రైతులకు ఈ విషయము క్రొత్త కాదు. బెదరిన కోడెదూడను చెర్నాకోలతో కొట్టినచో అది మరింత బెదరును. తెలివిగల రైతు దానిని పేరుపెట్టి పిలిచి, గంగడోలు నిమురును.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని కొందరడుగుదురు. నిజమే. కాని మొక్కను వంచువాడు మెల్లగా వంచి కట్టును. విరిచినవాడు వంచినవాడు కాడు. దెబ్బతిన్న బిడ్డ ఊరకుండినను లోపల గుండె దడదడలాడుచునే యుండును. తనకంటె చిన్నవానిపై చేయి యెత్తవచ్చునను పాఠమును మాత్రము నేర్చుకొనును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడులలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. బడికి తగని బెత్తము ఇంటికి తగునా?

మరి చేయవలసిన దేమి? మొదట పెద్దవారు తమ ఊపిరిని చూచుకొనవలెను. ఊపిరి విడుచునపుడు గుండెవేగము తగ్గుట దేహధర్మము. నాలుగైదు సారులు దీర్ఘముగా విడిచి, పిమ్మట బిడ్డ ఎత్తునకు వంగి, గొంతు తగ్గించి, ‘బొమ్మ కొనలేదని కోపం వచ్చిందా, నాన్నా?’ యని అడుగవలెను. బొమ్మ కొననక్కరలేదు. కాదన్న మాట నిలిచి యుండవచ్చును. కసురు మాత్రము ఉండరాదు. నీతిబోధ తరువాతిది, ఉప్పెన వేళ పాఠము చెవి కెక్కదు. బిడ్డ సంతోషముగా నున్న వేళ, వేడిపాలను చల్లార్చునట్లు మెల్లగా ఊదుటను ఆటగా నేర్పవచ్చును.

ఆకలి, నిద్రలేమి, ఒంటినొప్పి కూడ పేచీలకు కారణములే. మూడు, నాలుగేండ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి 10 మొదలు 13 గంటల నిద్ర కావలెననియు, తెరల ముందు కూర్చుండుట రోజునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఏడ్చు బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చినచో ఏడుపు ఆగును. ఊరడిల్లుట మాత్రము అలవడదు. ఎంత ఓర్పు చూపినను ఎడతెగక కలతపడు బిడ్డను వైద్యునకు చూపవలెను.

పొలమునుండి అలసి వచ్చిన తండ్రికిని, పొయ్యి దగ్గరి తల్లికిని ఓర్పు నశించుట కలదు. అట్టివేళ చేయి జారినచో, పిమ్మట బిడ్డను దరిచేర్చుకొని ‘కోపంలో కొట్టాను, అది తప్పే’ అనుటవలన పెద్దరికము తగ్గదు.

మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు భారతదేశమున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆమె పద్ధతిలో నిశ్శబ్దము శిక్ష కాదు, ఆట. పిల్లలు కదలక కూర్చుండి దూరపు చప్పుళ్లను ఆలకింతురు. గుసగుసగా తమ పేరు వినబడగా ఒక్కొక్కరే మెల్లగా లేచి వత్తురు. ఈ గ్రంథాలయమును అట్టి ఆటకు తగిన చోటే. రజతోత్సవ స్మృతిగా పిల్లలకై ఒక చాప పరచి, వారమునకొక సాయంకాలము వారికి కథ చదివి వినిపించి, ఈ ఆట నాడించు పెద్దలు నలుగురు ముందునకు వచ్చిన చాలును. గోడమీది పలకను చదువ నేర్వకమునుపే ఆ మాటకు అర్థము మన బిడ్డలకు తెలియును.