రేకు పెట్టెలోని రశీదులు



చదువును గురించి ప్రసంగించే పెద్దలు ఈ సభలో ఎందరో ఉన్నారు. నేను మీ ఇళ్ళలోని రేకు పెట్టెలను గురించి విన్నవించుకుంటాను.

సిరిసిల్ల ప్రాంతం నుండి మరమగ్గాల పనికై భివండి చేరిన కుటుంబాలలో మాది ఒకటి. పగారు అందిన మరునాడు బాపు నన్ను తపాలా కార్యాలయానికి వెంట తీసుకుపోయేవారు. నాల్గవ తరగతి నుండే మనియార్డరు ఫారము నింపడం నా వంతు. నూరు రూపాయలకు ఐదు రూపాయల రుసుము. అడుగున ఉన్న కూపనుపై నాలుగు మాటలే పట్టేవి: "అందరం క్షేమం. పండుగకు రాలేము." ఆ కూపను ఊరిలో నాయనమ్మ దగ్గర ఉండిపోయేది. ఆమె వేలిముద్రతో ముట్టిన రశీదు తిరిగి శాంతి నగర్‌కు వచ్చేది. ఆ ముద్ర చూచిన తరువాతనే బాపు మనసు కుదుటపడేది. ఒకే ఫారములోని ఆ రెండు ముక్కలు మరల ఎన్నడూ కలుసుకోలేదు.

ఇంటికి సున్నం వేయించిన ఏడు ఆ రశీదుల కట్టను నేనే పాత కాగితాల వానికి తూచి ఇచ్చివేశాను. నాయనమ్మ ఫోటో ఒక్కటి కూడా మా ఇంట లేదు. ఆమె గుర్తుగా మిగిలినది ఆ వేలిముద్రయేనని తెలిసేసరికి ఆలస్యమైంది.

1880లో మన తపాలా శాఖ ప్రారంభించిన మనియార్డరు, ఆ పాత కాగితపు రూపంలో 2015లో నిలిచిపోయింది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులోను, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులోను విలీనమైనాయి. ఆ పేర్లతో ఉత్తరాలు, పాసుపుస్తకాలు ఇక అచ్చు కావు. తాతల నాటి కాగితాలైతే నిజాం స్టాంపులు, హాలీ సిక్కా లెక్కలు కూడా కనిపించవచ్చు. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి హాలీ రూపాయలు ఏడు. బొంబాయి సంపాదన ఊరిలో మార్చుకుంటే అంకెకైనా పెరిగేదన్నమాట! ఆ సంస్థానపు తపాలా 1950లో భారత తపాలాలో కలిసిపోయింది.

స్టాంపు కోసం కవరును చింపకండి. ఏ ఊరి నుండి ఏనాడు బయలుదేరిందో చెప్పేది దానిపై పడిన ముద్ర. చిరిగిన చోట టేపు అంటించకండి, దాని జిగురు కొన్నేళ్ళకు కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి తినివేస్తుంది. అప్పులు, ఇంటి కలహాలు ఉన్న ఉత్తరాలు మీ దగ్గరే ఉంచుకోండి. మిగిలినవి బడికి తెస్తే మీ ఎదుటనే నకలు తీసుకొని అసలును మీ చేతికే ఇస్తాము.

వేసవిలో ఊరికి పోయినపుడు అక్కడి పెట్టెలు కూడా తెరవండి. ఇక్కడి రశీదుకు అక్కడి కూపను దొరికితే రెంటినీ ఒకే అట్టపై మన గ్రంథాలయంలో ఉంచుదాము. పట్టిక వ్రాయడానికి ఎనిమిదవ తరగతి పిల్లలు సిద్ధంగా ఉన్నారు.