పటములోని గౌను, సమాధిలోని గౌను



ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమందు ఉఫీజీ అను చిత్రశాల కలదు. అందు బ్రాంజినో అను చిత్రకారుడు 1545 ప్రాంతమున వ్రాసిన పట మొకటి యున్నది. ఆ నగరము నేలిన కోసిమో ది మెదీచీ ప్రభువు భార్య యెలెనోరా కూర్చుండి యున్నది, ప్రక్కన చిన్నకుమారుడు. దొరసాని ముఖమున నవ్వు లేదు, కోపమును లేదు. చూచువారి దృష్టి ఆ ముఖముపై నిలువక గౌను మీదికి జారిపోవును. తెల్లని పట్టుపై నల్లని ముఖమలు తీగలు, నడుమ నడుమ బంగారు దానిమ్మపండ్లు. రొమ్మునకు సరిగా నడిమికి వచ్చునట్లు పెద్ద దానిమ్మ యొకటి.

మా మనుమరాలు కళాశాల నాటకములో రాణి వేషము వేయవలసివచ్చి ఈ పటము నకలును నా ముందుంచి, "తాతయ్యా, నాకిది కుట్టిపెట్టాలి" అన్నది. నలుబది యేండ్లు దర్జీపని చేసినవాడను. చూచినదానిని కుట్టలేనా యను గర్వముతో ఒప్పుకొంటిని.

అసలు గుడ్డ మన కందునది కాదు. బంగారు పూత గల సన్నని వెండిరేకును పట్టుదారమునకు చుట్టి జరీ చేయుట మన నేతవారికిని తెలిసిన విద్యయే. ఫ్లారెన్సు నేతగాండ్రు ఆ జరీని చిన్న చిన్న ఉచ్చులుగా పైకి లేపి నేసి, పండు గుడ్డ నుండి ఉబికినట్లు చేసెడివారు. ఆ దినములలో గుడ్డ వెల యెంతయో అధికము, కుట్టుకూలి స్వల్పము. నావంటివానికి రుచించు మాట కాదు గాని, నిజము. నేను దళసరి తెల్ల నూలుగుడ్డ కొని, పెడనలో అచ్చు చెక్కించి నల్లని తీగలును పసుపువన్నె దానిమ్మలును అద్దించితిని.

పిదప నేటి గౌను పద్ధతినే కత్తిరించితిని. రొమ్మువద్ద రెండు టక్కులు పట్టితిని. వీపున బొత్తాములు పెట్టితిని. చేతులను చంకలలో కుట్టివేసితిని. అమ్మాయి తొడిగి చూచుకొన్నది. నడిమి దానిమ్మ టక్కులలో నలిగి చింతపిక్కవలె అయ్యెను. లంగా బరువునకు పై భాగము క్రిందికి దిగిపోయెను. చేయి పైకెత్తబోగా చంకలో కుట్టు పటుక్కున తెగెను. నాటకమునకు పదునేను దినములే గడువు. మరల అద్దించుటకు సమయము లేదు. ఆమె యేమియు ననలేదు. గౌను విప్పి మంచముపై మడిచి పెట్టి వెడలిపోయెను. ఆ మౌనము నాకు మిక్కిలి కష్టమయ్యెను.

చిత్రకారుడు మనకు ముందువైపు మాత్రమే చూపును. తెరపు ఎచ్చటనో, అతుకు ఎచ్చటనో, లోపల దేనిపై ఆనియున్నదో పటము చెప్పదు. దానిని చెప్పినది ఎలెనోరా సమాధి.

1562వ సంవత్సరమున ఆమె పీసా నగరములో మలేరియా జ్వరముతో మరణించెను. ఆ కొలది వారములలోనే కుమారు లిద్దరు, జోవన్నీయు గార్జియాయు, పోయిరి. పటములోని బాలుడు ఆ జోవన్నీయే యని సాధారణముగా చెప్పుదురు. 1857లో ఆమె శవపేటికను తెరచిరి. పటములోని గౌనుతోనే ఆమెను పూడ్చిరని చాలకాలము లోకులు నమ్మిరి. అది నిజము కాదు. పేటికలో నున్నది వేరొక శాటిను గౌను. దానిమ్మలు లేవు, అంచుల వెంబడి ముఖమలు పట్టీలు మాత్రము. మూడువందల యేండ్లు మట్టిపాలైన ఆ చిరుగులను నేర్పరులు ఓపికతో శుభ్రపరచి తమ తమ స్థానములలో అమర్చిరి. జానెట్ ఆర్నాల్డు అను ఇంగ్లీషు విదుషి ఆ గౌను కత్తిరింపును కొలతలతో గీసి 1985లో గ్రంథమున ప్రకటించెను. మా కోడలు ఆ పుటలు తెచ్చి యిచ్చినది.

రాత్రి దీపము ముందు ఆ గీతలను చూచుచు నేను సిగ్గుపడితిని. రవికె ముందువైపున తెరపు లేదు. బిగించు త్రాళ్లు వీపున ఇరుప్రక్కల నున్నవి. లోపల వేరుగా ముఖమలు బిగుతురవికె యున్నది, ముందువైపున కొక్కెములతో. ఒంటిని పట్టి యుంచునది అది. పై గౌను దానిపై సమముగా పరుచుకొనును. అందుచేతనే పటములో దానిమ్మ నలుగలేదు. ఇక చేతులందురా, ఆ కాలమున వానిని కుట్టక భుజమువద్ద నాడాలతో కట్టుట వాడుక. ఆ సందులలో నుండి లోపలి తెల్ల చొక్కా పొంగి కనబడును. పటములో నేను అలంకార మనుకొన్నది చేయి ఆడుటకు విడిచిన చోటు!

టక్కులు విప్పితిని. వీపు నడుమ కుట్టివేసి ప్రక్కలను కోసి కాజాలు తీసితిని. పాత కాన్వాసు గుడ్డతో లోరవికె కుట్టి, లంగా బరువును దానికి తగిలించితిని. చేతులు ఊడదీసి నాడాలు వేసితిని. పండ్రెండవ దినమున అమ్మాయి మరల తొడిగి, రెండు చేతులును తలపైకెత్తి, ఇల్లంతయు తిరిగి వచ్చెను.

నాటకమైన పిమ్మట ఆ గౌను మా పెట్టెలోనే యున్నది. టక్కులు విప్పినచోట, నడిమి దానిమ్మకు ఇరుప్రక్కల, సూది గుచ్చిన గుర్తులు నేటికిని పోలేదు. రంగస్థలము మీద అవి యెవ్వరికిని కనబడలేదట. పెట్టె తెరచినపుడెల్ల నా కన్ను మొదట వానిమీదనే పడుచుండును.