తడిసిన ధాన్యం పైనే ఉండాలి

సర్వస్తోత్రాలు సమస్త లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా! ముందుగా మాకూ మీకూ మేము చేసే హితబోధ ఒక్కటే: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉందాం. ఆ భయభక్తులు మసీదులో ఎంత అవసరమో బజారులోనూ అంతే అవసరం.

ఒకనాడు దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగారు. రాశిలోకి చేయి పోనిచ్చారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. ఇదేమిటని అడిగారు. వాన పడి తడిసిందన్నాడు యజమాని. అలాగైతే జనానికి కనిపించేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ముస్లిం హదీసు గ్రంథంలోని ఈ ఉల్లేఖనం కృష్ణా డెల్టా రైతుకు వివరించనక్కరలేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏమవుతుందో మనకు తెలుసు. గమనించండి: ఆ వ్యాపారి అబద్ధమాడలేదు, అడగగానే నిజమే చెప్పాడు. అడిగేదాకా చెప్పకపోవడమే అతని తప్పు.

సోదరులారా! నేడు మన ప్రాంతంలో ధాన్యం కంటే వేగంగా అమ్ముడవుతున్నది నేల. పామర్రు నుండి బందరు దాకా, గుడివాడ నుండి చల్లపల్లి దాకా వరిచేలలో సరిహద్దు రాళ్లు మొలుస్తున్నాయి. కూచిపూడి చుట్టుపక్కల మన యువకులలో కొందరు ప్లాట్ల ఏజెంట్లుగా ఉపాధి పొందుతున్నారు. ఇది నిషిద్ధమైన వృత్తి కాదు. కొనేవానినీ అమ్మేవానినీ కలపడం సేవ. దానికి ముందే మాట్లాడుకున్న ప్రతిఫలం ధర్మసమ్మతం. ప్రకటన ఇవ్వడం, కరపత్రం పంచడం, వీడియో తీసి పంపడం కూడా తప్పు కాదు. తడి ఎక్కడ ఉంచామన్నదే ప్రశ్న.

మినుము పంట తీశాక, మార్చి నెలలో నేల ఎండి నెర్రెలిచ్చినప్పుడు వీడియో తీస్తారు. అదే నేల అక్టోబరులో డ్రెయిను పొంగితే మోకాటి లోతు నీటిలో ఉంటుంది. మార్చి వీడియో అబద్ధం కాదు. అది రాశి మీది పొడి ధాన్యం. అక్టోబరు సంగతి చెప్పకపోవడం లోపలి తడి.

మరొక తడి ఉన్నది. రేపటి వార్తను నేటి వాస్తవంగా అమ్మడం. బందరు ఓడరేవుకు 2008లో శంకుస్థాపన జరిగింది, 2019లో పనులకు మరోసారి, 2023లో ఇంకొకసారి. మొదటి రాయికీ మూడో రాయికీ నడుమ పదిహేనేళ్లు గడిచాయి. 2014లో రాజధాని ప్రకటనతో ఆకాశానికెక్కిన ధరలు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఏమయ్యాయో చూశాం. పోర్టు వస్తుందని ఆశపడటం తప్పు కాదు. కానీ రెండేళ్లలో ధర రెట్టింపవుతుందని ప్రమాణం చేసి చెప్పే ఏజెంటు, అల్లాహ్ ఒక్కనికే తెలిసిన దానికి తాను పూచీ పడుతున్నాడు. ప్రమాణాలు సరుకును అమ్మిస్తాయి గాని శుభాన్ని తుడిచివేస్తాయని దైవప్రవక్త (స) ప్రబోధించారు.

సోదరులారా! ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. కొంతకాలం క్రితం ఒక వెంచర్ వారు మన మసీదుకు ఫ్యాన్లు ఇచ్చారు. మేము సంతోషంగా స్వీకరించాం. తరువాతి జుమా నాడు మసీదు గుమ్మం వద్ద వారి కరపత్రాలు పంచారు. అందులో మన మసీదు ఫోటో ఉన్నది. పక్కనే ప్లాట్లు అన్న మాట ఉన్నది. ఆ స్థలం ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. మేము చదివాం, మిన్నకున్నాం. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే మన సోదరుడొకరు, ఇద్దరు కుమార్తెల వివాహాల కోసం దాచిన సొమ్మును నేల చూడకుండానే దానిలో పెట్టారు. వానలకు ఆ ప్లాటు మునిగింది. లేఅవుటుకు అనుమతి లేదని ఆపైన తెలిసింది. ఆయన తండ్రి మా వద్దకు వచ్చి కోపగించలేదు. “హజ్రత్, మసీదులో పంచారు కదా, మీరు కాదనలేదు కదా, అందుకే నమ్మాం” అన్నారు. ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు. అల్లాహ్ ఎదుట ఏమి చెప్పాలో కూడా తెలియదు.

ఫ్యాన్ల ఖరీదును కమిటీ తిరిగి చెల్లించింది. ఇకపై ఈ గుమ్మం వద్ద ఏ వ్యాపార కరపత్రమూ పంచరాదని తీర్మానించింది. ఆ కుటుంబం సొమ్ము ఇంకా రాలేదు. ఫిర్యాదులోనూ పెద్దల మధ్య మాటలలోనూ మేము వారి వెంట ఉన్నాం. దానం ఇచ్చిన చేయి ఏమి కోరుతున్నదో అడగకపోవడం మా లోపం. మేము మౌనంతో అమ్మాం. ఆ మౌనానికి క్షమాపణ వేడుకుంటున్నాం.

ఏజెంట్లుగా ఉన్న సోదరులారా! దైవప్రవక్త (స) కాలంలో మదీనా బజారు వారిని దళారులు అనేవారు. ఆయన వారిని అంతకంటే మంచి పేరుతో, వర్తకులారా అని పిలిచారు. బేరంలో వ్యర్థపు మాటలూ ప్రమాణాలూ దొర్లుతుంటాయి గనుక దానికి దానధర్మాలు కలపమన్నారు. ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు మీకు గౌరవమూ హెచ్చరికా రెండూ. ఆ గౌరవానికి తగ్గట్టు నాలుగు నియమాలు పాటించండి.

ఒకటి: ధర చెప్పకముందే లోపం చెప్పండి. నీరు నిలుస్తుందా, దారి ఎవరిది, అనుమతి ఉన్నదా, కోర్టు వివాదం ఉన్నదా, అన్నీ ముందే చెప్పండి. రెండు: రెండే ప్లాట్లు మిగిలాయని తొందరపెట్టకండి, లేని కొనుగోలుదారుని నిలబెట్టి ధర పెంచకండి. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. మూడు: ఇరువైపులా కమీషన్ తీసుకుంటే ఇరువురికీ తెలియజేయండి. నాలుగు: తనది కానిదాన్ని అమ్మవద్దన్న ఆజ్ఞను మరువకండి. వక్ఫ్ భూమి విషయంలో మరీ భయపడండి. అది అమ్మకానికి లేనిది. అన్యాయంగా ఆక్రమించిన జానెడు నేల ప్రళయదినాన ఏడు భూముల బరువుతో మెడకు చుట్టుకుంటుంది.

దేశ చట్టం కూడా ఇదే కోరుతున్నది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటును నమోదుకు ముందు ప్రకటించరాదు, అమ్మరాదు. అటువంటి ప్రాజెక్టులలో అమ్మించే ఏజెంటు కూడా నమోదు కావాలి. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయినవానికి ప్రమోటరు పరిహారం చెల్లించాలి. చట్టానికి దొరకకపోవచ్చు, కుడి ఎడమల వ్రాసే దైవదూతలకు దొరకకపోవడం లేదు.

కొనే సోదరులారా! బాకీని వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అల్ బఖరా సూరా ఆదేశిస్తున్నది. నోటిమాటపై లక్షలు ఇవ్వడం దైవంపై నమ్మకం కాదు. వానాకాలంలో ఒకసారి నేల చూడండి. విదేశాల్లో ఉంటే నమ్మకస్తుణ్ని పంపండి. ఈసీ, లింకు దస్తావేజులు, రెరా నమోదు సంఖ్య సరిచూడండి. అసలుకు హామీ ఇచ్చి నెలనెలా ఇంత అని ముట్టజెప్పే పథకం భూమి వ్యాపారం కాదు, వడ్డీకి మరో పేరు. అమ్మేవాడు మన జమాఅత్ వాడు కావడం ఏ దస్తావేజుకూ బదులు కాదు.

సోదరులారా! చివరిగా ఒక సహాబీ ఉదంతం. జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం మూడు వందల దిర్హములకు ఒక గుర్రం బేరం కుదిరింది. గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే ఎక్కువ విలువైనదని అమ్మేవానికి తానే చెప్పి, ధర పెంచుతూ ఎనిమిది వందలు చెల్లించారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స)కు ప్రమాణం చేశానన్నారు. కొనేవాడే అమ్మేవాని నష్టం గురించి ఆలోచించిన బజారు అది. మన బజారులో కనీసం అమ్మేవాడు కొనేవాని నష్టం గురించి ఆలోచించాలి.

ఓ అల్లాహ్! మా సంపాదనలను పరిశుద్ధం చెయ్యి. మా నాలుకలపై నిజాన్ని, మా మౌనంలో నీ భయాన్ని ఉంచు. మా మాట వల్ల, మా మౌనం వల్ల నష్టపోయినవారి హక్కును ఈ లోకంలోనే తీర్చే శక్తి ప్రసాదించు. ఆమీన్.